తొమ్మిదో బుట్ట దగ్గర

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు క్లాసు చెప్పడానికి పోతూ, కాలేజీ వరండాలో నిలబడి చూశాను. ఆదివారాలు పార్కులో ఆడే మా గుంపుకు ఒక గ్రూపు ఉంది. అందులో డ్రిల్లు సారు ఆయన ఫోటో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అది ఆయనకని తీసిన ఫోటో కాదు. పోటీ రోజు అందరం కలిసి దిగిన దాంట్లోంచి కత్తిరించారు. ఆయన భుజం పక్కన ఎవరిదో మోచేయి మిగిలిపోయింది. అది నాది.

ఏమీ అనిపించలేదు. ఫోను సంచిలో వేసుకుని క్లాసులోకి పోయి ప్రస్తారాలు చెప్పాను. ఐదుగురిని ఒక వరుసలో ఎన్ని రకాలుగా నిలబెట్టవచ్చు అన్న లెక్క. ఒక పిల్ల తప్పు చెబితే బోర్డు దగ్గరకు పిలిచి దిద్దాను కూడా. సాయంత్రం ఇంటికి పోయి కూర వండాను. ఉప్పు సరిపోయింది.

గ్రూపులో ఆయన పేరు ఎవరూ రాయలేదు. ‘మన పార్కు కాక’ అని రాశారు. నేనూ రాయను. బతికి ఉన్నన్నాళ్ళూ పేరు పెట్టి పిలవనిదాన్ని, ఇప్పుడు రాసి ఆయన్ని ఉద్ధరించేదేమీ లేదు.

మహబూబ్‌నగర్ బయట గుట్టల కింద ఒక చిట్టడవి ఉంది. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు అటవీశాఖ దానికి కంచె వేసి, గేటు పెట్టి, నడిచే దారులు తీసి పార్కు చేసింది. డ్రిల్లు సారు అంటే ప్రభుత్వ బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. ఆయన బెంగళూరులో ఎక్కడో చూసి వచ్చి, అధికారుల వెంటపడి ఆ చెట్ల మధ్య డిస్క్ గోల్ఫ్ పెట్టించాడు. తొమ్మిది చోట్ల ఇనుప బుట్టలు. ఒక్కో బుట్ట మీద గుత్తిగా వేలాడే గొలుసులు. చిన్న ప్లాస్టిక్ పళ్లెం ఒకటి విసరాలి. అది పడ్డ చోటికి పోయి అక్కడి నుంచి మళ్ళీ విసరాలి. గొలుసులకు తగిలి బుట్టలో పడితే ఆ బుట్ట అయిపోయినట్టు. తొమ్మిది బుట్టలకూ కలిపి ఎవరు తక్కువసార్లు విసిరితే వాళ్ళది గెలుపు. ఆట ఇంతే. మధ్యలో చెట్లు ఉంటాయి, అదే తంటా.

నేను ఈ ఆటలోకి ఆరోగ్యం కోసం వచ్చాను. షుగరు ఉంది, నడవమని డాక్టరు చెప్పాడు. ఉత్త నడకలో వాదించడానికి ఎవరూ ఉండరు. ఆటలో నియమాలుంటాయి, నియమాలున్నచోట నాకు పని దొరుకుతుంది. పళ్లెం గీత దాటిందా లేదా, కాలు ముందుకు పడిందా లేదా, ఎన్ని విసుర్లు అయ్యాయి. మొదటి నెలలోనే నలుగురు నాతో కలిసి ఆడడం మానేశారు. మార్కుల కాగితం మాత్రం నా చేతికే వచ్చింది, లెక్కల లెక్చరర్ని కాబట్టి.

ఆయన పార్కు వాచర్. అటవీశాఖకు పనివాళ్ళను ఇచ్చే ఏజెన్సీ పెట్టిన మనిషి, నెల జీతగాడు. అరవై దాటి ఉంటాయి. ఇంకెవరికో కుట్టించిన ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాల, చేతిలో దోటి. గొర్లకు కొమ్మలు వంచి ఆకు కోసే పొడుగు కర్ర అది. ఆ అడవికి కంచె వేయకముందు ఆయన గొర్లు అక్కడే మేసేవి. కంచె వేశాక మంద అమ్మేసి, అదే జాగకు కాపలాకు వచ్చాడు.

“మీ జాగలనే మీకు కాపలా పని ఇచ్చిండ్రు. మంచి మర్యాదే” అన్నాను ఒకసారి, వెటకారంగా.

“నా జాగ యాడిది మేడం. గొర్ల జాగ” అన్నాడు. అందులో వెటకారం లేదు.

మొదటిసారి ఆయనతో మాట్లాడింది నా పళ్లెం సీతాఫలం పొదల్లో పోయినప్పుడు. నేను ముళ్ళలో చీర కొంగు చిక్కించుకుని వెతుకుతున్నాను. ఆయన వచ్చి దోటి నేలకు ఆనించి నిలబడ్డాడు. పొదల వైపు చూడనే లేదు.

“చూస్తనే ఉంటవా కాకా, జర చొరవడి దేవులాడరాదు?”

“చొరవడితే దొరకది. నువ్వు ఇసిరినప్పుడు పిట్టలు ఏ దిక్కుకు లేసినయి?”

“నేను పిట్టల్ని చూడనీకె రాలే, ఆడనీకె వచ్చిన.”

“గందుకే పోయింది” అని, పొద చుట్టూ తిరిగి వెళ్ళి అవతలి వైపు నుంచి పళ్లెం తెచ్చి ఇచ్చాడు. తువ్వాలతో తుడిచి మరీ ఇచ్చాడు. తప్పిపోయిన గొర్రె వెనక పొదలోకి దూరితే అది ఇంకా లోపలికి పోతుందట, చుట్టూ తిరిగితే తనే బయటపడుతుందట. ప్లాస్టిక్ పళ్లేనికి కాళ్ళు లేవు కదా అని నేను వాదించాను. ఆయన ఒప్పుకున్నాడు. ఎవరు వాదించినా ఒప్పుకునేవాడు. తర్వాత మళ్ళీ తను చేసేదే చేసేవాడు. ఆ పార్కులో ఆయన వెతికి దొరకని పళ్లెం నేనెరిగినంతలో ఒక్కటీ లేదు.

ఆయనకు అది పళ్లెం కాదు, తలె. అన్నం తినే తలె. “అన్నం తినేదాన్ని గిట్ల ఇసురుడేంది” అని మొదట్లో ముట్టుకోలేదట. డ్రిల్లు సారే బలవంతాన ఒకటి చేతిలో పెట్టాడు. కాక చెప్పులు విడిచాడు, తువ్వాల నడుముకు చుట్టాడు, వంగి విసిరాడు. మేమందరం గాలిలోకి విసిరి కొమ్మలకు కొట్టుకుంటాం. ఆయన దాన్ని నేల మీదికి, అంచు మీద పడేట్టు విసిరాడు. అది బండి చక్రంలా చెట్ల మొదళ్ళ మధ్య నుంచి దొర్లుకుంటూ పోయి, మలుపు తిరిగి బుట్ట పక్కన పడుకుంది. మందకు అడ్డం కర్ర విసిరిన చేయి అది.

“అట్ల దొర్లియ్యొచ్చునా?” అని నేను నియమాలు తీశాను. దొర్లించవచ్చు అని ఉంది. చాలా బాధేసింది.

“కొమ్మలు పైన ఉంటయి గద మేడం, కింద ఖాళీయే” అన్నాడు. అప్పటి నుంచి ఆదివారం డ్యూటీ దిగాక మాతో ఆడేవాడు. ఎప్పుడూ చెప్పులు విడిచే విసిరేవాడు. బుట్టలో పడితే గొలుసులను చేత్తో పట్టుకుని చప్పుడు ఆపేవాడు, ఏదో నిద్రపోతున్నట్టు.

అసలు తగువు లెక్క దగ్గర వచ్చింది.

“ఎన్ని కాకా?” అని అడిగాను, కాగితం పట్టుకుని.

“మోదుగ చెట్టు కాడ పడ్డది. ఆడికెళ్లి గుండుకు తాకింది. ఆడికెళ్లి బుట్టల పడ్డది.”

“ఎన్నని అడుగుతున్న.”

“గవే.”

“మూడు.”

“నువ్వనుకో మూడని. నేనన” అని నవ్వాడు.

గొర్లు కాసేవాళ్ళు మందను లెక్కపెట్టరట. పొద్దుగూకి దొడ్డిలోకి తోలేటప్పుడు వాకిట్లో నిలబడి ఒక్కొక్కదాని ముఖం చూస్తారు. తెల్లచెవులది వచ్చింది, కుంటిది వచ్చింది, మొన్న ఈనినది వచ్చింది. రానిదేదో ముఖాన్ని బట్టి తెలుస్తుంది. అంకె పైకి అనకూడదు. అంటే తగ్గుతాయట. వాళ్ళ నాయిన చెప్పాడు, వాళ్ళ నాయినకు వాళ్ళ నాయిన.

“గీ ఆటల తగ్గితేనే గద గెలిచేది. మంచిగ లెక్కవెట్టు, తగ్గుతయి” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను, అందరూ నవ్వారు కూడా.

ఆయన వారం రోజులు ఆలోచించాడు. మరుసటి ఆదివారం గేటు దగ్గర నన్ను ఆపి చెప్పాడు. “తగ్గుతయి మేడం, నిజమే. గని ఏడికెళ్లి తగ్గుతయో మనకెరికలేదు గద.”

ఆట మొదలుపెడదాం రమ్మని కాగితం తీశాను. 

నేను పుట్టింది నారాయణపేటలో, మగ్గాల ఇంట్లో. మా ఇంట్లో లెక్కే అన్నం. అంచు పోగులు లెక్క తప్పితే ఒక్క చీర కాదు, ఆ మగ్గానికి ఎక్కించిన ఎనిమిది చీరలూ తప్పుతాయి. నాకు అక్షరాలకంటే ముందు పోగుల లెక్క వచ్చింది. లెక్కపెట్టేటప్పుడు మధ్యలో ఎవరైనా పిలిస్తే, చివరగా లెక్కపెట్టిన పోగును వేళ్ళ మధ్య పట్టుకునే మాట్లాడాలి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు పట్టుకున్న పోగుకు పాత అంకే చెప్పుకొని, తర్వాతి పోగు నుంచి ముందుకు పోవాలి. చిన్నపిల్లలం తొందరలో పట్టుకున్న పోగుకే కొత్త అంకె వేసేవాళ్ళం. ఒకటి ఎక్కువ వచ్చేది. “పట్టుకున్న పోగును మల్ల లెక్కేసినవా?” అని మా నాయిన తలమీద ఒకటి ఇచ్చేవాడు. లెక్కపెట్టడం రానివాళ్ళు ఈ తప్పు చేయరు. పోగు పట్టుకోవడం నేర్చినవాళ్ళే చేస్తారు.

ఆయన అంకె అననందుకు నాకు కోపం ఎందుకు వచ్చేదో ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. మా ఇంట్లో అంకె పలకనివాడు పనికిరానివాడు.

హైదరాబాదులో పెద్ద పోటీ పెట్టారు. మా పార్కు నుంచి ఇద్దరిని పంపాలి. దానికి మాలో మాకు ఒక పోటీ. ఆ రోజుల్లో పార్కు చూసే అధికారి ఒకాయన ఉండేవాడు, చెడ్డవాడు కాదు. ఏజెన్సీ మారబోతోందనీ, వాచర్లను తగ్గిస్తారనీ ఆయనకు తెలుసు. కాకను పిలిచి మా అందరి ముందే చెప్పాడు. “హైదరాబాద్ పోయి ఆడి సర్టిఫికెట్ తెచ్చుకో. ఆట నేర్పే మనిషివని నీ పేరు నేనే పైకి పంపుతా. అప్పుడు నిన్ను ఎవరూ తీసెయ్యలేరు.” నేనక్కడే ఉన్నాను, విన్నాను. వినలేదని చెప్పే వీలు నాకు లేదు.

పోటీ నాడు డ్రిల్లు సారు మొదటి చోటు తెచ్చుకున్నాడు, అందులో అనుమానమేమీ లేదు. రెండో చోటు కోసం నేనూ కాకా మిగిలాం. ఎనిమిది బుట్టలు అయ్యేసరికి ఇద్దరివీ సమానం. తొమ్మిదో బుట్ట అన్నిటికంటే దూరం, మధ్యలో పరుపుబండ ఉంటుంది. నేను నాలుగు విసుర్లలో వేశాను. తర్వాత ఆయన వంతు.

ఆయన మొదటిది విసిరాడు, బండ మీద ఆగింది. రెండోది రేల చెట్టు మొదట్లో పడింది. నేను కాగితం పట్టుకుని ఆ పళ్లెం దగ్గరకు పోయి నిలబడ్డాను. అప్పుడే మా ఆయన ఫోను. చక్కెర డబ్బా ఎక్కడుందని.

“నీ కండ్ల ముందర ఉంటది.”

“లేదు.”

“ఉప్పు డబ్బా ఎనుక చూడు.”

“ఉప్పు డబ్బా ఏది?”

ఈ సంభాషణ కాస్త పొడుగు సాగింది. కాక చెప్పులు చేత్తో పట్టుకుని నా కోసం ఆగాడు. ఫోను పెట్టేసి కింద చూశాను. కాళ్ళ దగ్గర పళ్లెం ఉంది. లెక్కలో వేసుకున్నాను. అక్కడి నుంచి ఆయన విసిరితే పుట్ట పక్కన పడింది. ఆ తర్వాతది గొలుసులకు తగిలి బుట్టలో పడింది.

“ఐదు” అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. “బండ మీద పడ్డది. ఆడికెళ్లి రేల చెట్టు కాడికొచ్చింది. ఆడికెళ్లి పుట్ట కాడ. ఆడికెళ్లి బుట్టల.”

“ఏ చెట్టో ఏ పుట్టో నాకద్దు కాకా. నేను నిలవడి లెక్కవెట్టిన. ఐదు.”

“గంతేనా మరి? ఇంకేడన్న పడ్డదా?”

“పడ్డది గనకనే ఐదయింది.”

డ్రిల్లు సారు దూరంగా ఉన్నాడు, చూడలేదు. “కాకా, నీ లెక్క నువ్వు చెప్పు, రాసుకుంటం” అన్నాడు. అంకె అనమని అందరూ అడిగారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. “మేడం లెక్కల మనిషి. ఆమె అన్నంక అంతే” అన్నాడు. కాగితం మీద ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టాడు.

హైదరాబాదుకు నేను పోయాను. చివరి నుంచి లెక్కపెడితే తొందరగా కనిపించే చోట నిలిచాను. అందరికీ ఇచ్చే సర్టిఫికెట్ నాకూ ఇచ్చారు. రెండు నెలలకు ఏజెన్సీ మారింది, ఆయన్ని తీసేశారు. గేటు దగ్గర కొత్త మనిషి వచ్చాడు, ఫోను చూస్తూ కూర్చునేవాడు. మా పళ్లేలు పోతే పోయేవి, కొత్తవి కొనేవాళ్ళం. కాక బైపాస్ రోడ్డు పక్కన ఎవరివో గొర్లు జీతానికి కాస్తున్నాడని తెలిసింది. రెండు మూడుసార్లు స్కూటీ మీద పోతూ చూశాను. చేయి ఎత్తాడు. నేనూ ఎత్తాను.

తప్పు నాకు పేపర్లు దిద్దే క్యాంపులో తెలిసింది. జవాబు పుస్తకాల కట్ట లెక్కపెడుతుంటే ఎవరో చాయ్ తాగుతారా అని అడిగారు. పుస్తకం మీద వేలు పెట్టి, వద్దు అని చెప్పి, మళ్ళీ మొదలుపెట్టాను. ముప్పై ఒకటి వచ్చాయి. కట్ట మీద ముప్పై అని ఉంది. కట్ట కట్టిన వాళ్ళ అశ్రద్ధ గురించి అక్కడి గుమాస్తాతో అరగంట వాదించాను. ఆ పిల్లాడు మాట్లాడకుండా నా ముందే లెక్కపెట్టాడు. ముప్పై.

“మేడం, వేలు పెట్టిన దాన్నే మల్ల లెక్కేసిండ్రు” అన్నాడు.

మా నాయిన తర్వాత నాకు ఆ మాట చెప్పింది ఆ గుమాస్తానే. అప్పుడు రేల చెట్టు కింద పళ్లెం దగ్గర నేను నిలబడ్డ తీరు కనిపించింది. ఫోను చెవిదగ్గర, కాళ్ళ దగ్గర పట్టుకున్న పోగు. రెండు అని అప్పటికే అన్నదానికి మూడు అని మళ్ళీ అన్నాను.

మిగతా కట్టలు దిద్దాను. మార్కులన్నీ రెండుసార్లు కూడాను.

ఆ ఆదివారం బైపాస్ దగ్గరకు పోయాను. కల్వర్టు నీడలో కూర్చుని ఉన్నాడు, గొర్లు తుమ్మచెట్ల కింద ఉన్నాయి. నిలబడే చెప్పాను. ఫోను సంగతి, పోగు సంగతి, అంతా. నాలుగే అని చెప్పాను. చెప్పేటప్పుడు కూడా వాదిస్తున్నట్టే చెప్పినట్టున్నాను, ఒక గొర్రె తలెత్తి చూసింది.

“ఎరికే బిడ్డా” అన్నాడు.

“ఎరికైతే సంతకం ఎందుకు వెట్టినవ్ కాకా?”

“నువ్వు గంత గట్టిగ అంటివి. నాకే అనుమానం వచ్చె. ఇంకేడనో పడ్డదేమో, నేనే మర్సిననేమో అనుకున్న.” తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. “తెల్లారి పోయి దేవులాడిన గూడ. బండకాడికెళ్లి బుట్ట దాక. చుట్టు దిరిగి చూసిన. ఇంకొక జాగ దొరకలే.”

పోయి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. నాకు అలవాటు లేని పని అది.

“మరి అప్పుడన్న చెప్పద్దా?”

“చెప్పిన గదమ్మా. చెట్టు చెట్టు చెప్పిన.”

లారీలు పోతున్నాయి. ఆయన లేచి గొర్ల వైపు ఒకసారి చూసుకుని అడిగాడు. “పార్కు ఆఫీసు సారుకు చెప్తవా? ఆ సారు ఇంకా ఉన్నడు గద. చెప్తే పని మల్ల ఇస్తడేమో. కాళ్ళు వడ్తలేవు, గీ ఎండల తిరుగుడు అయితలేదు.”

“చెప్త కాకా.”

“ఎప్పుడు చెప్తవ్?”

“ఈ వారంల.”

ఆ వారంలో క్యాంపు ఇంకా అయిపోలేదు. పై వారం అధికారి సెలవు మీద ఉన్నాడు. ఆ పై వారం ఉన్నాడు. పార్కు ఆఫీసు ముందు నుంచే నడిచి తొమ్మిది బుట్టలూ ఆడి ఇంటికొచ్చాను. చెప్పాలంటే డ్రిల్లు సారుకు తెలుస్తుంది, గ్రూపులో అందరికీ తెలుస్తుంది. నేను తప్పు పట్టిన నలుగురూ నవ్వుతారు. నాలో నేను మంచి వాదనలే చేసుకున్నాను. నాలుగైనా సమానమే అయ్యేది, మళ్ళీ ఆడాల్సి వచ్చేది, ఆయన గెలిచేవాడని ఏముంది. సంతకం పెట్టింది ఆయనే కదా. ఏజెన్సీ ఎలాగూ తీసేసేదేమో. ఒక్కో వాదనా బాగానే నిలబడింది. వానలు పడ్డాయి. ఆ అధికారికి బదిలీ అయింది. బైపాస్ మీదుగా పోవడం మానేసి ఊళ్ళోంచి పోవడం మొదలుపెట్టాను, ఒక కిలోమీటరు ఎక్కువ.

తర్వాత ఫోటో వచ్చింది. గొర్ల దగ్గరే గుండె ఆగిందట, దవాఖానకు తీసుకుపోయేసరికి అయిపోయిందట.

ఆ తర్వాత మూడో ఆదివారం పార్కులో షెడ్డు కింద సంతాపం పెట్టారు. బాగా మాట్లాడతానని నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. పొదల చుట్టూ తిరగడం గురించి, నేల మీద దొర్లించడం గురించి చెప్పాను. తొమ్మిదో బుట్ట గురించి చెప్పలేదు. చప్పట్లు కొట్టబోయి ఆగారు. నేను కూర్చున్నాను. 

అందరూ పోతుంటే గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. చిన్న మనిషి, చేతిలో బట్ట సంచి. “లెక్కల మేడం ఎవరు?” అని అడుగుతోంది. నన్ను చూపించారు.

“నేను ఆయన భార్యను” అంది. “నువ్వు సారుకు చెప్తనన్నవంట.”

“అవునమ్మా.”

“చెప్పినవా?”

“లేదు.”

తిడుతుందని నిలబడ్డాను. తిడితే నాకు ఏదైనా మాట దొరికేది. ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“రోజు అడిగేటోడు, మేడం చెప్పిందేమో అని. నాకేమెరికె, నేనేడ పోయి అడగాలె. ఇయ్యాల చెప్తవా?”

“ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా, ఆయనే లేడు.”

“నేనున్న గద” అంది. “ఊడ్చుడొస్తది, చెట్లకు నీళ్ళు వోసుడొస్తది. గీ అడివంత నాకెరికే, కంచె ఎయ్యకముందుకెళ్లి. ఆయన పని నాకియ్యమని చెప్పు. తీసేసింది తప్పని నువ్వంటే ఇస్తరేమో.”

తప్పు అని ఆమె అనలేదు. నన్ను అనమంది.

ఆఫీసులో కొత్త అధికారి ఉన్నాడు, చిన్నవాడు. ఆదివారమైనా మొక్కల లెక్క చూసుకోవడానికి వచ్చాడు. ఆమె గుమ్మం బయట నిలబడింది. నేను లోపలికి పోయి, ఫోను దగ్గర నుంచి కల్వర్టు దాకా మొత్తం చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

“పాత సంగతి కదా మేడం, అప్పుడు నేను లేను” అన్నాడు. “వచ్చే నెల ఏజెన్సీ మళ్ళీ పేర్లు తీసుకుంటుంది. మీ పొరపాటు వల్ల ఆయన పేరు పైకి పోలేదని రాసి ఇవ్వండి. దాని మీద ఈమె పేరు పెట్టి పంపుతా. అవుతుందని మాట ఇవ్వలేను.”

“ఎందుకు ఇవ్వలేరు?” అని మొదలుపెట్టాను. నియమాలు ఏమంటున్నాయో, అధికారం ఎవరిదో అడగడానికి నోరు తెరిచాను. గుమ్మం బయట ఆమె నా వైపు చూస్తోంది. నోరు మూసుకుని కాగితం అడిగాను.

రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎంత రాసినా అది ఒక పేజీ కాలేదు. సంతకం పెట్టి బయటికి తెచ్చాను. ఆమెకు చదువు రాదు.

“సదువు” అంది.

చదివాను. “మా పార్కు పోటీలో తొమ్మిదో బుట్ట దగ్గర పార్కు వాచర్ నాలుగు విసుర్లు మాత్రమే విసిరాడు. లెక్క రాసిన నేను పొరపాటున ఐదు అని రాశాను. ఆ కారణంగా ఆయనకు రావలసిన అవకాశం నాకు వచ్చింది. తప్పు నాది. ఆయన స్థానంలో ఆయన భార్యకు పని ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.”

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూసింది. వెనక వైపు తెల్లగా ఉంది.

“గీ ఒక్కటి ఎక్కువ రాసినందుకేనా?” అంది.

“ఒక్కటే” అన్నాను.